పలక మీద డైలాగు

స్క్రిప్టు కాగితాలు రెండో రోజే గాలికి పోయాయి.
గజ్జలకొండ దారిలో పాత పలకరాయి క్వారీ అంచున నిలబడి
నీళ్లగుంటలో అవి ఒక్కొక్కటే దిగడం చూశాం.
"పర్లేదు, కథంతా నా తలకాయలో ఉంది" అన్నాడు డైరెక్టరు,
ఒంగోల్లో తిరుమలకొండయ్య, పోస్టరు మీద టి.కె. తేజ్.

అప్పట్నుంచీ డైలాగులు పలక మీదే.
మార్కాపురంలో పలకకేం కరువు.
సుద్దముక్కతో రాసి కెమెరా పక్కన పట్టుకునేవాణ్ణి,
షాటు ఓకే అనగానే తడిగుడ్డతో తుడిచేవాణ్ణి.
రోజుకు మూడొందలు, పొద్దున టిఫిను.

క్వారీయే సరిహద్దు.
మార్కెట్ యార్డు గోదాము రక్షణశాఖ.
ఢిల్లీ అని అక్షరాలు పడిన వీధిలోంచి
కంభం బస్సు నింపాదిగా వెళ్లిపోయింది,
తీసేటప్పుడు ఎవరూ చూళ్లేదు, హాల్లో అందరూ చూశారు.
బాంబేమో మా చిన్నాన్న స్టీలు క్యారేజీ,
పైగిన్నెలో గోడగడియారం మిషను.
చారువాసన పోలేదని హీరో గొణిగాడు.

వీటికి నేను తప్పు పట్టను.
డబ్బుల్లేని చోట అట్టకత్తి కూడా తెగుతుంది,
పట్టుకున్నోడికి కోపమెందుకో తెలిస్తే.

కాశింవలికి తెలీదు.
పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే కాశింవలి,
గడ్డం ఉన్న పాపానికి ఉగ్రవాది నంబరు మూడు.
తలకు చుట్టిన గళ్లగుడ్డ వాళ్లావిడ కుట్టింది,
అంచు మడిచి, పోగు లేవకుండా.
చెక్కతుపాకి మోకాలికి ఆనించి అడిగాడు:
"సార్, నేనెందుకు పేలుస్తన్నా?"
తేజ్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.
"వెనకాల మ్యూజిక్ పడతదిలే."

నా చేతిలో పలక. దాని మీద
"అందరూ చస్తారు."
ఆరుసార్లు చెప్పించారు, పగలబడి నవ్వుతూ చెప్పాలని.

మధ్యాహ్నం రాళ్లకుప్ప నీడలో
గోంగూర కలుపుకుంటూ చెప్పాడు,
రాత్రి నిద్రపట్టక తనే ఒకటి అనుకున్నాట్ట.
ఈ మూడో నంబరువాడికి ఒక తమ్ముడు.
గుంటలో పొరరాయి జారి మీద పడ్డ తమ్ముడు.
కాంట్రాక్టరు పుస్తకంలో పేరు లేదు గనక
చావులోనూ పేరు లేదు.
ఆ పేరు కోసం ఆఫీసులన్నీ తిరిగి తిరిగి
ఒక సాయంత్రం
ఎవడో భుజమ్మీద చెయ్యేసి "చెప్పు" అంటే చెప్పాడు.
వాడు విన్నాడు. వినడమే ఎర.
"అయినా పేల్చడం తప్పేననుకో.
క్యారేజీ దగ్గరకొచ్చేసరికి వీడి చెయ్యి వణకాల.
ఆ వణుకొక్కటుంటే చాలదా?"
"సార్‌తో చెప్పరాదూ" అన్నా.
"నువ్వు చెప్పు, రాసేది నువ్వేగా."

నేను రాసేవాణ్ణి కాను, పట్టుకునేవాణ్ణి.
ఆ మాట అనలేదు. ముద్ద మింగాను.

మారుతి టాకీసులో నాలుగు రోజులాడింది.
ముప్ఫై సెకన్ల బాంబు ఏడు నిమిషాలు టిక్కుటిక్కుమంది.
ముందు వరసలో ఒకాయన లేచి
"పేలవే తల్లీ, ఆఖరి బస్సు పోతాంది" అన్నాడు.
హాలు విరగబడి నవ్వింది, కాశింవలి కూడా.
హీరో వాళ్ల నాన్నను కాల్చినప్పుడు
షాహీనా అందరితోపాటు చప్పట్లు కొట్టి
మధ్యలో ఆపేసింది.

ఫ్యాక్టరీలో "ఏం టెర్రరిస్టూ" అన్నారు.
వేళ్లతో తుపాకి పెట్టి చూపించి నవ్వాడు.
వారం తర్వాత టీకొట్టు దగ్గర
ముక్కూమొహం తెలీనివాడెవడో అదే మాటన్నాడు.
వాడు నవ్వట్లేదు.

తేజ్ రెండో భాగం తీస్తాడట.
నిన్న ఫోను: "పలక ఉందా?"
ఉంది, బీరువా మీద.
ఎంత కడిగినా సుద్దచార పోలేదు,
ఎండకు వంచి పట్టుకుంటే కనిపిస్తుంది,
"అందరూ" దాకా.
కింద బోలెడు ఖాళీ.
సుద్దముక్క తీసుకుని కూర్చున్నాను.

తమ్ముడికి ఏం పేరు పెట్టుకున్నాడో
అడగడం మర్చిపోయాను.